చర్మం ఎక్కణ్ణుంచి తేవాలి?

ఉస్మానియా ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ ఓపీ ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్లలో అందం కోసం వచ్చినవాళ్లు ఒక్కరూ కనిపించలేదు. మిషన్లో పడి రెండు వేళ్లు నలిగిన కార్మికుడు, షుగరు పుండు మానక మడమ ఎముక తేలిన పెద్దాయన, గ్రహణమొర్రితో పుట్టిన పాపను కొంగు చాటున దాచుకున్న తల్లి. ఆ తల్లిని చుట్టుపక్కలవాళ్లు ఏమని ఉంటారో నాకు తెలుసు. గ్రహణం పూట కత్తిపీట ముట్టుకుందనే అని ఉంటారు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కడుపులో బిడ్డ ముఖం ఏర్పడే తొలి రెండు నెలల్లో, అటూ ఇటూ నుంచి వచ్చి కలవాల్సిన కండ కలవకపోతే పెదవి చీలి ఉండిపోతుంది. బిడ్డకు మూడు నెలలు దాటి, నాలుగున్నర అయిదు కిలోల బరువు తూగితే పెదవి సరిచేస్తారు. అంగిలి కూడా చీలి ఉంటే దాన్ని ఏడాది, ఏడాదిన్నర లోపల, మాటలు స్థిరపడకముందే మూస్తారు. ఆరోగ్యశ్రీలో ఇది ఉంది. పాప పుట్టిన రోజునే ఆమెకు ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఆ ఉదయం ఆపరేషన్ థియేటర్లో బల్ల మీద ఉన్నది నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒకామె. వంట చేస్తుంటే చీరకు నిప్పంటుకుంది. గాయం మానింది. మానుతూ మానుతూ మెడ చర్మాన్ని లాగేసి, గడ్డాన్ని ఛాతీకి అతికించింది. తల ఎత్తలేదు. కింది పెదవి దిగలాగి నోట్లో చొంగ నిలవదు. లోపలికి తీసుకొచ్చేముందు ఆమె ఆపరేషన్ చేసే ప్రొఫెసర్‌గారిని ఒక్కటే అడిగింది: "సారూ, తల లేస్తదా?" "లేస్తదమ్మా. కానీ మెడపట్టీ ఆర్నెల్లు తీయొద్దు. తీస్తే మళ్లీ ముడుచుకుపోతది," అన్నారాయన.

మెడ వెనక్కి వాలదు కాబట్టి మత్తు డాక్టరుకు శ్వాస గొట్టం వేయడమే పెద్ద పరీక్ష. సన్నని కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి దించి దారి చూసుకున్నారు. తర్వాత మచ్చను అడ్డంగా కోశారు. గడ్డం పైకి లేచేకొద్దీ ఎర్రటి పచ్చి గాయం విచ్చుకుంటూ పోయింది. గీతలా మొదలైన కోత చివరికి రెండు అరచేతులంత అయింది. ఇన్నాళ్లూ ఆమెకు ఎంత చర్మం తక్కువైందో అప్పుడు కళ్లకు కట్టింది.

ఆ చర్మం ఎక్కణ్ణుంచి తేవాలి? తొడకు పారఫిన్ రాశారు. ఒకరు చర్మాన్ని రెండువైపులా బిగలాగి పట్టుకున్నారు. ప్రొఫెసర్‌గారు హంబీ కత్తి ఆనించి, రంపంలా ముందుకూ వెనక్కీ ఆడిస్తూ జరిపారు. వెడల్పాటి ఆ కత్తికి ఒక రోలర్ ఉంటుంది. పొర ఎంత మందం రావాలో దాన్ని బిగించి సరిచూసుకుంటారు. కత్తి మీదికి చర్మం ఉల్లిపొరలా ముడతలు పడుతూ చేరింది. అర మిల్లీమీటరు మందం కూడా లేదు. తొడ మీద రక్తం సన్నని చుక్కలుగా పొటమరించింది. వెంట్రుకల కుదుళ్లు అడుగున అలాగే ఉంటాయి కనుక వాటి నుంచే రెండు మూడు వారాల్లో అక్కడ కొత్త చర్మం పుడుతుంది.

తీసిన ఈ పొరను గ్రాఫ్టు అంటారు. దానికి సొంత రక్తం లేదు. మెడ మీద పరిచాక మొదటి రెండు రోజులూ గాయంలో ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. ఆ తర్వాత కిందినుంచి రక్తనాళాలు దానిలోకి ఎక్కుతాయి. అయిదో రోజు కట్టు విప్పి చూస్తే గులాబీ రంగులో ఉండాలి. అడుగున నెత్తురు గూడుకట్టినా, చీము పట్టినా, కట్టు కాస్త జరిగినా గ్రాఫ్టు పోయినట్టే.

బయట బెంచీ మీది పెద్దాయనకు ఇది పనికిరాదు. ఉత్త ఎముక మీద గ్రాఫ్టు పట్టదు. అక్కడ రక్తనాళంతో సహా చర్మాన్ని తిప్పి వేయాలి. దాన్ని ఫ్లాప్ అంటారు. ఇందులో నుదుటి చర్మంతో ముక్కు చేసే విద్య ప్రపంచానికి వెళ్లింది మన దగ్గర్నుంచే. 1792లో ఇంగ్లీషు సైన్యానికి బండి తోలుతూ టిప్పు సుల్తాన్ మనుషులకు పట్టుబడిన కావస్‌జీ అనే అతని ముక్కు కోసేశారు. పుణే దగ్గర ఒక దేశీ వైద్యుడు అతని నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి కొత్త ముక్కు చేశాడు. బొమ్మతో సహా ఆ సంగతి 1794లో లండన్ జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. దాన్ని ఆధారం చేసుకుని 1814లో కార్ప్యూ అనే సర్జన్ అక్కడ ఆ ఆపరేషన్ చేశాడు. కాన్సర్‌తో ముక్కు పోయినవాళ్లకు నేటికీ నుదుటి చర్మమే ఆధారం. కనుబొమ్మ దగ్గర కాడ తెంచకుండా ఉంచి, ముక్కు మీద రక్తం అందుకున్నాక, దాదాపు మూడు వారాలకు దాన్ని తెంచుతారు.

జూబ్లీహిల్స్ క్లినిక్కుల్లో ముక్కు సన్నం చేసేదీ, పొట్ట కొవ్వు తీసేదీ ప్లాస్టిక్ సర్జరీలో భాగమే. అలా చేయించుకునేవాళ్లను చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. అద్దం ముందు ఎవరి బాధ వారిది. కాకపోతే కొవ్వు తీయించుకోవడం బరువు తగ్గే వైద్యం కాదు. అది ఒకచోట పేరుకున్న కొవ్వును సవరించడం మాత్రమే. కత్తి పట్టే డాక్టరుకు ఎంఎస్ పైన ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ, లేదా దానికి సమానమైన చదువు ఉందో లేదో మొహమాటపడకుండా అడగాలి. ప్రకటనలో రాయితీ ఎంతో చూసి ఒళ్లు అప్పగించేవాళ్లను తలుచుకుంటే భయమేస్తుంది.

సాయంత్రం ఉస్మానియాలోనే ఉన్న చర్మ బ్యాంకుకు వెళ్లాను. రాష్ట్రంలో మొదటిది, 2021లో ఇక్కడ మొదలైంది. మన అరచేయి, వేళ్లతో కలిపి, ఒంటి చర్మంలో దాదాపు ఒక శాతం. అలాంటి అరచేతులు యాభై అరవై కాలితే, కప్పడానికి సరిపడా సొంత చర్మం మిగలదు. కప్పకపోతే ఒంట్లో నీరు కారిపోతుంది, చీము పడుతుంది, మనిషి దక్కడు. అప్పుడు చనిపోయినవారి చర్మం కప్పుతారు. శరీరం దాన్ని రెండు మూడు వారాల్లో వదిలేస్తుంది. ఆ లోపు రోగి తేరుకుంటాడు, తొడ మీద తీసినచోట మళ్లీ చర్మం వస్తుంది.

దాత చనిపోయిన ఆరు గంటల్లోపు తీయాలి. తొడలు, కాళ్లు, వీపు నుంచి పలుచని పైపొర మాత్రమే తీసి కట్టు కడతారు. ముప్పావు గంట పని. ముఖం జోలికి వెళ్లరు. బ్లడ్ గ్రూపు కలవాల్సిన అవసరం లేదు. గ్లిజరాల్‌లో ఉంచి, 4 డిగ్రీల చల్లదనంలో పెడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. కళ్లు ఇస్తామని ముందుకొచ్చే ఇళ్లలో కూడా చర్మం మాట ఎత్తితే వెనకాడతారని అక్కడి కౌన్సిలర్ అక్క చెప్పింది. శవాన్ని ఒలిచేస్తారేమోనని వాళ్ల భయం.

నేను ఫారం అడిగాను. ఆమె ఇచ్చింది. "ఇది నింపడం కన్నా ఇంట్లోవాళ్లకు చెప్పడం ముఖ్యం సార్. ఆ టైమ్‌లో సంతకం పెట్టేది వాళ్లే," అంది.

రాత్రి భోజనాల దగ్గర అమ్మకు చెప్పాను. అంతా విని, "నాకు షుగరుంది కదరా, నాది తీసుకుంటారా?" అని అడిగింది. తీసుకుంటారని చెప్పాను.