తమ్ముడి నొప్పి, నా కార్డు

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. మొన్న గ్రూప్‌లో ఒకరు "సికిల్ సెల్ కార్డులో ఏఎస్ అని ఉంది, ఇది బ్లడ్ గ్రూపా?" అని అడిగారు. ఇద్దరు ముగ్గురు అవునన్నారు. కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది పాడేరు వైపు. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ చలికాలం వస్తే చాలు, కాళ్లు, చేతులు, నడుము ఒకటే నొప్పులు. మెలికలు తిరిగిపోయేవాడు. ఊళ్లో వాతం అన్నారు, గాలి సోకిందన్నారు. అమ్మ కోడిని కోయించింది. ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తం తక్కువని ప్రతిసారీ ఐరన్ బిళ్లలిచ్చి పంపేసేవారు. హాస్టల్లో అయితే బడి ఎగ్గొట్టడానికి దొంగ ఏడుపు అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. వాడికి తొమ్మిదేళ్లు వచ్చాక గానీ జబ్బు పేరు తెలియలేదు.

తర్వాత నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాను. ఒకరోజు గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తాన్ని మిషన్‌లో తిప్పి ట్యూబు చేతికిచ్చారు. అంబలి కుండ కదపకుండా ఉంచితే పైన తేట, అడుగున చిక్కన తేరుకుంటుంది కదా, అచ్చం అలాగే ఉంది. పైన లేత పసుపు నీళ్లు, సగం కంటే కొంచెం ఎక్కువే. అది ప్లాస్మా. తిండిలోని సారం, ఉప్పులు, ప్రోటీన్లు మోసేది అదే. మధ్యలో పల్చటి తెల్ల పొర, అందులో రోగాలతో పోరాడే తెల్లకణాలు, గాయమైతే రక్తం ఆపే ప్లేట్‌లెట్లు. అడుగున ఎర్రకణాలు. మా తమ్ముడి కథంతా ఆ అడుగునే ఉంది.

ఎర్రకణం నడిమి నొక్కిన గారెలా ఉంటుంది, చిల్లు మాత్రం ఉండదు. లోపల హిమోగ్లోబిన్. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎక్కించుకొని ఒళ్లంతా దించి వస్తుంది. తనకంటే సన్నటి నాళాల్లోంచి కూడా వంగి దూరిపోతుంది. సుమారు 120 రోజులు బతుకుతుంది. తమ్ముడి హిమోగ్లోబిన్‌లో ఒక గొలుసులో ఆరో చోట ఒక్క ముక్క తేడా. గ్లుటామిక్ ఆసిడ్ ఉండాల్సిన చోట వాలిన్ ఉంది, అంతే. ఆక్సిజన్ దించేశాక ఆ హిమోగ్లోబిన్ పోగులు పోగులుగా అతుక్కుంటుంది, కణం కొడవలిలా బిగుసుకుంటుంది. ఇక వంగదు. సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే అవతలికి రక్తం అందదు. ఆ నొప్పే మేం దొంగ ఏడుపు అన్నది. పైగా ఈ కణాలు 10, 20 రోజులకే పగిలిపోతాయి. అందుకే రక్తం తక్కువ, కళ్లు పచ్చన. ఐరన్ బిళ్లలు కణం ఆకారాన్ని మార్చలేవు కదా! ఇప్పుడు డాక్టరు రాసిన హైడ్రాక్సీయూరియా వాడుతున్నాడు. నీళ్లు బాగా తాగుతాడు, చలికి స్వెట్టర్ వదలడు. నొప్పులు తగ్గాయి, పోలేదు.

ఇక కార్డు. ఏ అంటే మామూలు హిమోగ్లోబిన్, ఎస్ అంటే సికిల్. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. తమ్ముడిది ఎస్‌ఎస్, నాది ఏఎస్. ఏఎస్ ఉన్నవాళ్లు రోగులు కాదు, మామూలుగానే ఉంటారు. కానీ ఇద్దరు ఏఎస్‌లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి ఎస్‌ఎస్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ముందు పిల్లలు బాగా పుట్టారు కాబట్టి ఇక భయం లేదనుకోకండి, ప్రతిసారీ లెక్క మొదటి నుంచే.

ఇప్పుడు మేనత్త వాళ్లు నన్ను బావకి అడిగారు. నాకూ ఇష్టమే. కానీ నాన్న ఏఎస్. ఆయన తోడబుట్టిన అత్తకీ ఉండొచ్చు, బావకీ ఉండొచ్చు. ముందు పరీక్ష చేయిద్దామన్నాను. నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "మా రక్తంలో దోషం ఉందని నా చెల్లెలి ముందు తల దించుకోమంటావా?" అన్నాడు.

దోషం కాదు నాన్నా అని రెండు రోజులు చెప్పాను. ఒక్క ఎస్ ఉన్నవాళ్లకి మలేరియా ప్రాణం మీదకి రావడం తక్కువ. మలేరియా ఉన్న అడవుల్లో మన తాతలు బతికారంటే ఇదీ ఒక కారణం. అందుకే ఇలాంటి చోట్ల ఇది ఎక్కువ. (ఎస్‌ఎస్ ఉన్నవాళ్లకి మాత్రం మలేరియా చాలా ప్రమాదం, దోమతెర మానొద్దు.) 2023 జూలై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్‌లో 40 ఏళ్ల లోపు వాళ్లకి పరీక్షలు చేస్తున్నారు, కార్డులిస్తున్నారు. ఒక మాట, సొల్యుబిలిటీ టెస్టులో పాజిటివ్ వస్తే ఏఎస్సా, ఎస్‌ఎస్సా తెలియదు. హెచ్‌పీఎల్‌సీ చేయించమని అడగండి.

నాన్న ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. బావకి నేనే ఫోన్ చేశాను. అంతా విని, "ఎంత రక్తం తీస్తారు?" అన్నాడు. రెండు మిల్లీ అన్నాను. "అంతేనా! జలగ ఇంకా ఎక్కువ తాగుద్ది" అన్నాడు. సంతరోజు ఇద్దరం వెళ్తున్నాం. తమ్ముడూ వస్తానంటున్నాడు, సూది గుచ్చేటప్పుడు బావ చెయ్యి వాడే పట్టుకుంటాడంట.