వెలుతురు, నీళ్లు, నలుగురు మనుషులు

హోటల్ యాప్‌లో బోలెడు ఫిల్టర్లుంటాయి. ఏసీ, వైఫై, ఉచిత బ్రేక్‌ఫాస్ట్, నాలుగు పైన రేటింగ్. సీఎస్ఈ సెకండియర్ దాన్ని, నాకు సార్టింగ్ ఒకరు నేర్పాలా? ధర తక్కువ నుంచి ఎక్కువకి పెట్టి, స్టేషన్‌కి 1.2 కిలోమీటర్లని చూసి, విశాఖపట్నంలో 899 రూపాయలకి రూమ్ బుక్ చేశా. మర్నాడు పొద్దున్నే ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ. ఇంట్లో మాత్రం ఫ్రెండ్ వాళ్లింట్లో ఉంటానని చెప్పా. లాడ్జి అంటే నాన్న అసలు బండే ఎక్కనివ్వడు.

బండి గంటన్నర లేటు. ఒకటో ప్లాట్‌ఫామ్ వైపు బయటికొచ్చాక తెలిసింది, హోటల్ అవతల జ్ఞానాపురం వైపని. ఆ 1.2 పట్టాల మీదుగా గీత గీస్తే వచ్చే లెక్క. ఆటో చుట్టూ తిరిగి వెళ్లేసరికి రాత్రి పది.

రిసెప్షన్‌లో ఆయన నా ఆధార్ చూశాడు, తర్వాత నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"ఒక్కరేనామ్మా? సింగిల్ లేడీస్‌కి ఇవ్వం."

బుకింగ్ చూపించా. "అది యాప్ వాళ్ల సంగతి. మా ఓనర్ ఒప్పుకోడు."

ఎడ్జ్ కేసులు చూసుకోండని మా ల్యాబ్ సార్ రోజూ చెబుతారు. ఆ రాత్రి ఎడ్జ్ కేసుని నేనే.

మెట్ల మీద నిలబడి నాన్నకి ఫోన్ చేశా. "నాన్నా, నేను ఫ్రెండ్ వాళ్లింట్లో లేను." అటువైపు కాసేపు మాట లేదు. తిట్లకి రెడీ అయ్యా.

"నువ్వున్న చోట వెలుతురుందా అమ్మా?"

"ఉంది."

"మనుషులున్నారా?"

"పక్కన మందుల షాపు తెరిచుంది."

"దాని ముందు నిలబడి ఆటో ఎక్కి స్టేషన్‌కి పో. ఫోన్ పెట్టెయ్యకు."

రిటర్న్ టికెట్ చూపించి ఆడవాళ్ల వెయిటింగ్ హాల్లో కూర్చున్నా. తెల్లవారుజాము బండి కోసం ఆగిన ఒక పెద్దమ్మ తన సంచి జరిపి, "పడుకో, నీ బ్యాగు నేను చూస్తాలే" అంది. ఇంటర్న్‌షిప్ రాలేదు. అది వేరే కథ.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఎన్నో రాత్రులు టిక్కీల మీద పడుకున్న మనిషి. ఇంటికొచ్చాక అడిగా, అక్కడ చోటెలా చూసుకునేవాడివని.

"లైటు కింద, కుళాయి దగ్గర, నలుగురు పడుకున్న చోట."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వడిగావా? ఫ్రెండ్ వాళ్లింట్లో ఉంటానంటివి." ఆయన తిట్టిన తిట్టు అదొక్కటే.

పోయిన నెల మళ్లీ విశాఖ ప్రయాణం పడింది. కన్ఫర్మ్ అయిన టికెట్ పీఎన్ఆర్ ఉంటే ఐఆర్‌సీటీసీలో స్టేషన్ రిటైరింగ్ రూమ్ బుక్ చేసుకోవచ్చు. ముందు అదే చూశా, ఖాళీ లేదు. అప్పుడు ఒకటో ప్లాట్‌ఫామ్ వైపున్న హోటళ్లు మాత్రమే ఏరుకున్నా. సగటు రేటింగ్ వదిలేసి, ఈ మధ్య ఆడవాళ్లు రాసిన రివ్యూలు, అందులోనూ ఒక స్టార్‌వి చదివా. డబ్బు కట్టకుండా నేరుగా ఫోన్ చేశా: "ఒక్కదాన్నే వస్తున్నా, బండి లేటైతే పదవుతుంది, రూమ్ ఇస్తారా? రాత్రి రిసెప్షన్‌లో మనిషుంటారా?"

ఇద్దరు కాదన్నారు. ఆ మాట మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని వింటే ఏడుపు రాదు. మూడో ఆయన "రండమ్మా, రాత్రంతా మా వాడు కిందే ఉంటాడు" అన్నాడు. 1,100 రూపాయలు. ఆ రెండొందల తేడా ఎందుకో నాన్నకి చెప్పక్కర్లేకపోయింది.

ఈసారి హోటల్ పేరు, రూమ్ నంబరు ముందే పంపించా. రాత్రి నాన్న ఫోన్ చేశాడు.

"లోపల గడియ సరిగ్గా పడుతోందా?"

"రెండుసార్లు వేసి చూశా."

"సరే, పడుకో."