నిమజ్జనం కాగానే చల్లేయండి, వదినా!

వదినా, ఒక్క నిమిషం కంచె దగ్గరికి రండి. అన్నయ్యగారు లాన్‌లో విత్తనాలు వచ్చే ఏప్రిల్‌లో చల్లుదామంటున్నారట కదా, మావారు చెప్పారు. అప్పటిదాకా ఆగొద్దని చెప్పండి. మన న్యూజెర్సీలో గడ్డికి అదను ఇదే, ఆగస్టు చివర్నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా. వినాయక నిమజ్జనం కాగానే విత్తనాలని గుర్తుపెట్టుకోండి, సరిపోతుంది.

ఎందుకంటారా? వేసవంతా కాగిన నేల ఇంకా వెచ్చగానే ఉంది, గాలేమో చల్లబడింది. మొలవడానికి ఆ వెచ్చదనం కావాలి, లేత మొలక నిలవడానికి ఈ చల్లదనం కావాలి. పైగా మీ లాన్‌ని ఆక్రమించిన ఆ క్రాబ్‌గ్రాస్ తొలి మంచుకే చచ్చిపోతుంది. అదే వసంతంలో చల్లారనుకోండి, మన గడ్డితో పాటు అదీ మొలుస్తుంది. దాన్ని ఆపే మందులు వేద్దామంటే, వాటిలో చాలావరకు మన విత్తనాన్నీ మొలవనివ్వవు. ఈలోపు వేళ్లు దిగకముందే జూలై ఎండలొచ్చేస్తాయి.

అయితే వదినా, విత్తనాల సంచీ విప్పేముందు నేల సంగతి చూడాలి. రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ల ల్యాబ్‌కి మట్టి పంపండి. పీహెచ్ 6, 7 మధ్య ఉండాలి. తక్కువని తేలితేనే సున్నం. ఉన్న గడ్డిని పొట్టిగా కోసి, ఎండుచెత్తంతా రేక్‌తో గీకేయండి. పిల్లలు తొక్కి గట్టిపడ్డ చోట కోర్ ఎయిరేటర్ తిప్పాల్సిందే. అది రెండు మూడు అంగుళాల మట్టిముక్కలు పీకి పైన పడేస్తుంది. వాటిని ఏరకండి, వానకి కరిగి నేలలోనే కలుస్తాయి.

మీ ముందువైపు ఎండ బాగా ఉంటుంది కాబట్టి టాల్ ఫెస్క్యూలో కొంచెం కెంటకీ బ్లూగ్రాస్ కలిసినది తీసుకోండి. ఫెస్క్యూ వేళ్లు లోతుకి దిగి ఎండకి ఓర్చుకుంటాయి. బ్లూగ్రాస్ భూమిలోపలే పాకుతూ ఖాళీలు పూడుస్తుంది. కాకపోతే ఫెస్క్యూ వారం, రెండు వారాల్లో మొలిస్తే, బ్లూగ్రాస్‌కి నాలుగు వారాలు కూడా పట్టొచ్చు. రాలేదని నీళ్లు మానేయకండి. వెనక మేపుల్ నీడలో ఫైన్ ఫెస్క్యూ మేలు. కొనేటప్పుడు సంచీ మీద కలుపు విత్తనాల శాతం, పరీక్షించిన తేదీ చూడండి.

బోడినేలకైతే టాల్ ఫెస్క్యూ వెయ్యి చదరపుటడుగులకి 6 నుంచి 8 పౌండ్లు, గడ్డి ఉన్నచోట అందులో సగం. ఎక్కువ చల్లితే మొలకలు ఇరుక్కుని తెగులు పడతాయి. సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లి, పావంగుళం మించకుండా మట్టి కప్పండి. విత్తనం మట్టిని అంటుకుని ఉండాలి, అదే ముఖ్యం. ఇక నీళ్లంటారా, నారుమడిని చూసుకున్నట్టే చూసుకోవాలి. రోజుకి రెండు మూడుసార్లు పలచగా తడపండి, పదును ఆరకూడదు. మొలిచాక సార్లు తగ్గించి, లోతుగా తడిసేలా పెట్టండి. నాలుగంగుళాలు పెరిగాక మూడంగుళాలకి కోయండి. మేపుల్ ఆకులు మొలకల్ని కప్పేస్తే ఊపిరాడదు, ఎప్పటికప్పుడు మెల్లగా తీసేయాలి.

ఎరువు మాటొకటి. మన రాష్ట్ర చట్టం ప్రకారం నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా ఇంటివాళ్లు లాన్‌కి ఎరువు వేయకూడదు. వానకి కొట్టుకుపోయి వాగులు, చెరువులు పాడవుతాయని ఆ కట్టడి. మంచి నియమం అది. అసలు గడ్డే దట్టంగా ఉంటే మట్టి కూడా కొట్టుకుపోదు, కలుపుకి చోటుండదు, మందులు కొట్టే పనీ తగ్గుతుంది. పిల్లలు వట్టికాళ్లతో ఆడుకునే నేల వదినా, ఈ నెల రోజులూ మనం ఓపిక పడితే వాళ్లకదే మేలు.

శనివారం మేం ఎయిరేటర్ అద్దెకి తెస్తున్నాం. మాది కాగానే మీ వైపూ కానిచ్చేద్దాం. స్ప్రింక్లర్ తలలున్న చోటల్లా చిన్న జెండాలు గుచ్చి ఉంచమనండి అన్నయ్యగారిని, మిషన్ కింద పడి విరగకుండా.