జున్ను ఊపిరి లెక్క

కుక్కని గురించి వ్యాసమేమిటని మన సభ్యుల్లో కొందరు ముక్కున వేలేసుకుంటారని మాకు తెలుసు. ఇదివరకైతే మేమూ వేసుకునేవాళ్ళమే. మా ఇళ్ళల్లో కుక్క అంటే వీధరుగు కింద పడుకుని, మిగిలిన అన్నం తిని, రాత్రిళ్ళు మొరిగే జీవి. దానికొక డాక్టరు, ఆ డాక్టరు దగ్గర గుండె ఫొటో, పూటపూటకీ మాత్రలూ ఉంటాయని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేవాళ్ళం.

సిడ్నీకి పడమరగా 35 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ బ్లాక్‌టౌన్‌కి మేము 2006 లో వచ్చాం. అందరిలాగే ముందు అద్దె ఇల్లు, తరవాత అప్పు మీద సొంత ఇల్లు, పెరట్లో కరివేపాకు మొక్క. 2019 లో మా అమ్మాయి పోరు పడలేక కుక్కపిల్లని తెచ్చాం. కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ అని పేరు మాత్రం చాంతాడంత. జీవి ఒడిలో పట్టేంత. తెల్లటి ఒంటి మీద బెల్లం రంగు మచ్చలు. అందుకని మా అమ్మాయి ‘జున్ను’ అని పేరు పెట్టింది.

ఇంట్లో మామ్మగారు ఉన్నారు. మా ఇద్దరిలో ఎవరికి తల్లి అన్నది ఈ వ్యాసానికి అనవసరం. ఇద్దరినీ సమానంగానే కోప్పడతారు. తాతగారు 2011 లో తెనాలిలో పోయాక, మరుసటేడు ఆవిడని ఇక్కడికి తీసుకొచ్చాం. జున్ను ఇంట్లో అడుగు పెట్టిన రోజునే ఆవిడ వంటింటి నేల పలకల అంచు చూపించి, “ఇది దాటితే నేను తెనాలి వెళ్ళిపోతా” అన్నారు. జున్ను తెలివైనవాడు. పలకల అంచు మీద గడ్డం ఆనించి పడుకునేవాడు గాని దాటేవాడు కాదు.

2022 మార్చిలో ఏడాదికోసారి వేయించే టీకా కోసం తీసుకెళ్ళాం. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. అంతసేపు వింటోందంటేనే మాకు గుండె జారింది. ‘మర్మర్’ ఉందన్నది. ఒకటి నుంచి ఆరు దాకా మెట్లుంటాయట, వీడిది మూడో మెట్టు. అప్పటికి జున్నుకి నిండా మూడేళ్ళు లేవు.

మాకు తెలిసిన గుండె జబ్బల్లా రక్తనాళం పూడిపోవడం. “స్టెంటు వేస్తారా?” అని అడిగాం. డాక్టరమ్మ నవ్వకుండా ఓపిగ్గా చెప్పింది. కుక్కలకి ఆ జబ్బు చాలా అరుదట. చిన్న జాతి కుక్కలకి వచ్చేది వేరే. గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య తలుపు లాంటి కవాటం ఒకటుంది. దాని రెక్కలు మందమై, ముడతలు పడి, సరిగ్గా మూసుకోవు. కొట్టుకున్నప్పుడల్లా కొంత రక్తం వెనక్కి చిమ్ముతుంది. ఆ చప్పుడే మర్మర్. ఏళ్ళ తరబడి అలా చిమ్మగా చిమ్మగా పై గది సాగిపోతుంది. చివరికి వెనకనున్న ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మిగతా చిన్న కుక్కలకి ముసలితనంలో వచ్చే ఈ జబ్బు కవలియర్లకి పడుచుతనంలోనే మొదలవుతుందట.

ఇంటికొచ్చి చదవడం మొదలెట్టాం. మన వాళ్ళం కదా, జబ్బు వచ్చాక పుస్తకాలు తీస్తాం. 1926 లో ఎల్డ్రిడ్జ్ అనే అమెరికన్ ఒకాయన, ఇంగ్లండు రెండో చార్లెస్ రాజు కాలం నాటి బొమ్మల్లో కనిపించే పొడుగు ముక్కు స్పానియల్‌ని తెచ్చి చూపిన వారికి 25 పౌనులు బహుమతి ఇస్తానని క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో ప్రకటించాడు. అలా మళ్ళీ తయారైన జాతికి 1945 లో అక్కడి కెన్నెల్ క్లబ్బు గుర్తింపు ఇచ్చింది. కొద్దిపాటి కుక్కల నుంచే సంతానమంతా పెరిగింది. ముఖంతో పాటు గుండె కూడా వారసత్వంగా వచ్చింది. మేనరికాల సంగతి మనకొకరు చెప్పక్కర్లేదు. జున్ను మర్మర్ బయటపడిన ఏడాదే జనవరిలో, నార్వేలో ఆస్లో జిల్లా కోర్టు ఈ జాతి పెంపకం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పిందట. కొనే ముందు తల్లిదండ్రుల గుండె పరీక్ష కాగితాలు చూపమని మేము అడగలేదు. కళ్ళు చూసి కొన్నాం. ఆ తప్పు మాదే.

మొదట్లో మందులేమీ లేవు. గుండె ఇంకా పెరగలేదు, కనిపెట్టుకుని ఉండమన్నారు. ఇంకో ఏడాదిన్నరకి ఎకో పరీక్షలో పై గది సాగిందని తేలింది. అప్పుడు పైమోబెండన్ అనే మాత్ర మొదలెట్టారు. 2016 లో 360 కుక్కల మీద జరిగిన ఒక పెద్ద పరిశోధనలో, గుండె పెరిగి ఇంకా ఆయాసం మొదలవని దశలో ఈ మాత్ర ఇస్తే ఆ ఆయాసం సుమారు 15 నెలలు వెనక్కి జరుగుతుందని తేలిందట. మనకి 15 నెలలంటే ఒక వీసా కాగితం తిరిగి రావడానికి పట్టే కాలం. కుక్కకి అది ఆయుర్దాయంలో పెద్ద వాటా. జపాన్‌లో కవాటాన్నే కుట్టి బాగుచేసే వైద్యులున్నారు గాని అది మా తాహతుకి మించిన మాట.

మాత్ర రోజుకి రెండు పూటలా, తిండికి గంట ముందు. దాంతోపాటు డాక్టరమ్మ ఒక పని అప్పగించింది. జున్ను గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్ని ఊపిరులు తీస్తున్నాడో లెక్కపెట్టి రాయాలి. 30 లోపు ఉంటే ఫరవాలేదు. రోజూ ఉండేదానికన్నా పెరుగుతూ పోయినా, 30 దాటినా వెంటనే ఫోను చెయ్యాలి. మేమిద్దరం ఉద్యోగస్థులం. రెండు వారాలు శ్రద్ధగా రాశాం. తరవాత మరిచిపోవడం, గుర్తొచ్చి ఉజ్జాయింపుగా ఒక అంకె వెయ్యడం. దొంగ లెక్కలు రాయడంలో మా ఇద్దరికీ ఆఫీసు అనుభవం ఉంది.

2025 జనవరిలో ఒక ఉక్క రాత్రి మామ్మగారు మా తలుపు కొట్టారు. “ఏమర్రా, వీడికి ఊపిరి ఎక్కువైంది, లేవండి” అన్నారు. చూస్తే జున్ను పడుకోలేక, మోచేతులు ఎడంగా పెట్టి కూర్చుని రొప్పుతున్నాడు. రాత్రంతా తెరిచి ఉండే పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం. ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, ఊపిరితిత్తుల్లో నీరు లాగారు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమో అన్నారు.

తెల్లవారి ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, ఇకమీదట లాసిక్స్ కూడా వెయ్యాలట అని మాలో మేము అనుకుంటున్నాం. మామ్మగారు గరిటె ఆపి, “లాసిక్సా? అది మీ నాన్నగారు వేసుకున్న మాత్రే కదర్రా!” అన్నారు.

అప్పటిదాకా మాకు తెలియని కథ ఆ పూట బల్ల దగ్గర విన్నాం. తాతగారు ఆఖరి ఏడాదిన్నర మూడు దిండ్లు వేసుకుని, సగం కూర్చునే నిద్రపోయేవారట. మాత్ర ప్రభావానికి రాత్రి నాలుగుసార్లు లేచేవారట. ఆవిడ పక్కనే కుర్చీలో కూర్చుని ఆయన ఊపిరి లెక్కపెట్టేవారట, జపం చేసుకున్నట్టు వేళ్ళ కణుపుల మీద. బొటనవేలు కాక నాలుగు వేళ్ళకీ పన్నెండు లెక్కలు. గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగేలోపు చెయ్యి రెండున్నరసార్లు నిండితే డాక్టరుకి కబురు చెయ్యడం. జున్నుకీ అదే లెక్క పెడుతున్నారట, మేము నిద్రపోయాక, చాలా నెలలుగా. పలకల అంచుకి ఇవతల కుర్చీ వేసుకుని.

ప్రతి ఆదివారం మేము తెనాలికి ఫోను చేసేవాళ్ళం. “ఎలా ఉన్నారు?” అంటే “బాగానే ఉన్నాం, నువ్వెలా ఉన్నావు?” అనే వచ్చేది. ఎందుకు చెప్పలేదని అడిగాం. “చెబితే ఏం చేస్తారు? అక్కణ్ణించి పరుగెత్తుకొస్తారు, లేదా రాలేక ఏడుస్తారు. రెండూ నాకు అక్కర్లేదు” అన్నారు. మేమేమీ అనలేకపోయాం. ఆవిడ లేచి జున్ను గిన్నెలో నీళ్ళు నింపారు. లాసిక్స్‌తో దాహం ఎక్కువవుతుంది, ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మన కుటుంబాల్లో ఇప్పుడు చాలామంది పిల్లలు కుక్కపిల్ల కోసం మారాం చేస్తున్నారు కనక, అనుభవంతో నాలుగు మాటలు. చిన్న జాతి కుక్కని కొనేటప్పుడు తల్లిదండ్రుల గుండె పరీక్ష కాగితాలు అడగండి. బీమా చేయిస్తే పిల్లప్పుడే చేయించండి. జబ్బు బయటపడ్డాక ఆ జబ్బుకి సాధారణంగా ఇవ్వరు. మెడపట్టీ కాక ఛాతీకి తగిలించే పట్టీ వాడండి. ఎండాకాలం నడక తెల్లవారుజామునే. మన పక్క పెన్‌రిత్‌లో 2020 జనవరి 4 న 48.9 డిగ్రీలు కాసిన సంగతి మరవకండి. గుండె జబ్బున్న కుక్కకి అప్పడం ముక్క, ఊరగాయ వేళ్ళు నాకించడం ముద్దు కాదు, ఉప్పు. ఉల్లిపాయ ఏ కుక్కకైనా విషమే. అన్నిటికన్నా ముఖ్యం ఊపిరి లెక్క. దానికి కావలసినవి గడియారమూ ఓపికా.

మామ్మగారు మా అమ్మాయికి ధర్మరాజు కుక్క కథ చెబుతూ ఉంటారు. ఇంద్రుడు రథం తెచ్చి రమ్మన్నా, వెంట నడిచొచ్చిన కుక్కని వదిలి ఎక్కనన్నాడే, ఆ కథ. “ఆ కుక్కకి మాత్రలెవరు వేశారు మామ్మా?” అని అడిగింది మా పిల్ల. “దానికి జబ్బు చేసిందని తిక్కన గారు రాయలేదే” అన్నారు ఆవిడ.

ఇప్పుడు ఫ్రిజ్ మీది తెలుగు క్యాలెండరులో తిథి వార నక్షత్రాల పక్కన ఎర్ర పెన్సిలుతో జున్ను అంకెలుంటాయి. రాత్రి పదికి మేము, తెల్లవారుజామున మామ్మగారు. మందులు ఇంకెన్నాళ్ళు పనిచేస్తాయో డాక్టరమ్మ చెప్పలేదు, మేము అడగలేదు. జున్ను మాత్రం తోక ఊపుకుంటూ పలకల అంచు దాకా వస్తాడు. ఈ మధ్య రెండు మూడుసార్లు దాటాడు కూడా. మామ్మగారు చూడనట్టే ఊరుకున్నారు.

ఆదివారం ఫోన్లు మానలేదు. తెనాలిలో బాబాయిగారున్నారు, డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు “ఎలా ఉన్నారు?” అని అడగడం లేదు. “రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారు?” అని అడుగుతున్నాం. మొదట్లో నవ్వేవారు. కిందటి నెల కాసేపు ఆగి, “రెండు” అన్నారు. అంతకు ముందు ఒకటేనట. మర్నాడే పిన్నిగారు గుంటూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించారు. మందులు మొదలెట్టారు.

నిన్న రాత్రి జున్ను లెక్క 24.