నాలుగున్నర ఎకరాల తోట, కోట్ల రూపాయల సీసా

పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్‌లో టీజీవీ రైలు ఎక్కితే గంటన్నర దాటేసరికి డిజోన్ వచ్చేస్తుంది. అక్కడ లోకల్ ట్రైన్ మారి న్యుయి-సాన్-జార్జ్‌లో దిగితే, వోన్-రోమానే అనే చిన్న ఊరు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంటుంది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన రెడ్ వైన్లలో ఒకటైన రోమానే-కోంటీ పుట్టేది ఇక్కడే. 2018లో న్యూయార్క్ వేలంలో 1945 నాటి ఒక్క సీసా 5,58,000 డాలర్లు పలికింది. అప్పటి లెక్కలో నాలుగు కోట్ల రూపాయలకు పైమాటే!

ఆ రేటు విని పెద్ద గేటు, సెక్యూరిటీ, టికెట్ కౌంటర్ ఉంటాయనుకుంటాం. ఏమీ లేవు. ఓ పొట్టి రాతిగోడ, పక్కనే ఒక రాతి శిలువ, 'తోటలోకి దిగకండి, దారి మీదే ఉండండి' అన్న అర్థంలో ఓ బోర్డు. అంతే. తోట మొత్తం 1.8 హెక్టార్లు, అంటే సుమారు నాలుగున్నర ఎకరాలు. మన ఊళ్ళో ఒక మామూలు రైతు పొలం అంత.

ఇక్కడి రెడ్ వైన్ల వెనకున్న ద్రాక్ష ఒక్కటే: పినో న్వార్. గుత్తి చిన్నగా, గింజల మధ్య సందు లేకుండా పైన్ కాయలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. న్వార్ అంటే నలుపు. దీన్ని పెంచడం చంటిపిల్లను సాకినట్టే. తొక్క పలచన, వాన పడితే కుళ్ళు. చిగురు తొందరగా వేస్తుంది, ఏప్రిల్ మంచుకు మాడిపోతుంది. రసానికి రంగుండదు, ఎరుపంతా తొక్కదే. తొక్క పలచన కాబట్టి వైన్ కూడా లేత ఎరుపే. న్యుయిలో నేనొక గ్లాసు తీసుకున్నా. అడుగున వేళ్ళు కనబడేంత పలచన, వాసన మాత్రం చెర్రీ పళ్ళ బుట్ట!

అయినా 1395లో బుర్గుండీ డ్యూక్ ఫిలిప్, ఎక్కువ దిగుబడినిచ్చే గామే రకాన్ని పీకేయమని ఆజ్ఞ ఇచ్చి మరీ పినోని నిలబెట్టాడు. అంతకు ముందే సిస్టర్షియన్ సన్యాసులు ఏ చెక్కలో ఏ రుచి వస్తుందో చూసి తోటలు విడదీశారు. మన సర్వే నంబర్లలాగే, కాకపోతే ఇక్కడ ప్రతి ముక్కకీ ఒక పేరు. ఆ పేర్లున్న ముక్కలనే 'క్లిమా' అంటారు. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అదే ద్రాక్ష, అదే ఊరు. వాలు మధ్యలో సున్నపురాయి నేలలో పండితే 'గ్రాన్ క్రూ', కింద రోడ్డు దాటి చదునులో పండితే మామూలు బుర్గుండీ. మధ్య దూరం నడిస్తే కొద్ది నిమిషాలే.

ఈ తోట ఒకసారి నిజంగానే చచ్చిపోయింది. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫైలాక్సెరా పురుగు యూరప్ తోటల వేళ్ళు తినేసింది. మందు ఒక్కటే: అమెరికా తీగల వేళ్ళ మీద యూరప్ కొమ్మను అంటు కట్టడం, మన మామిడికి కట్టినట్టు. రోమానే-కోంటీ వాళ్ళు మాత్రం పాత తీగల్ని రసాయనాలతో కాపాడుకుంటూ వచ్చారు. యుద్ధంలో మందు దొరకలేదు, మనుషులూ లేరు. 1945లో వచ్చింది 600 సీసాలే. ఆ తర్వాత తోటంతా పీకేసి, అంటు తీగలు నాటారు. 1946 నుంచి 1951 దాకా ఈ పేరుతో వైనే లేదు. ఆ వేలం సీసాకి అంత రేటు ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా!

ఇప్పుడు వచ్చిన ఇబ్బందికి అంటు కట్టే దారి లేదు. పక్కనున్న బోన్ పట్టణంలో 1354 నుంచి కోత తేదీల లెక్కలున్నాయి. 1988 తర్వాత కోత సగటున 13 రోజులు ముందుకు జరిగిందని వాటిలో తేలింది. పినో చల్లటి చోట నిదానంగా పండాల్సిన రకం. ఎండకి తొందరగా పండితే చక్కెర పెరిగి, పులుపు తగ్గి, ముక్కముక్కకీ ఉన్న ఆ తేడాయే చెరిగిపోతుందని ఇక్కడి వాళ్ళ దిగులు.

అందుకే మీరు కోత చూడ్డానికి వెళ్తే పాత గైడ్ బుక్కుల్ని నమ్మకండి. సెప్టెంబరు చివర్లో అని రాసుంటుంది. కొన్నేళ్ళలో ఆగస్టులోనే మొదలైపోతోంది. ముందు ఆ ఏడాది కోత ఎప్పుడో కనుక్కొని, తర్వాతే టికెట్ బుక్ చేసుకోండి.