మూడో బిడ్డ సంగతి సరే...

2025 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, మన మార్కాపురంలోనే ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించారు: ఎంతమంది పిల్లలున్నా ఉద్యోగినులకు ప్రసూతి సెలవు ఇస్తామని. అంతకుముందు ఇద్దరితోనే సరి. ఆ ఫిబ్రవరిలోనే ఆడవాళ్లకు పెద్దఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నారు. రెండూ మంచి మాటలే, కాదనను.

మరి ఇదే ఊళ్లో పలకల ఫ్యాక్టరీలో, కనురెప్పల మీద కూడా రాతిపొడి పట్టి, పలకలకు చెక్కలు బిగించే అక్కకి? పనికి పోయిన రోజే కూలి. ఇంట్లో కూర్చుంటే ఫ్యాక్టరీ పని కుదరదు కదా! చట్టంలో జీతంతో 26 వారాల సెలవు ఉంది. హాజరు పట్టీలో పేరే లేనోళ్లకు ఎవరిస్తారు? కేంద్రం మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకి వచ్చే 5 వేలు ఎన్నాళ్లకి?

మూడో బిడ్డ సంగతి తర్వాత. ముందు తొలికాన్పు బాలింత పనికి పరిగెత్తకుండా చూడండి సారూ.