యంత్రం మూగవోయిన వేళ

కంప్యూటరులో ధ్వని పోతే చూపున్నవారికి పాట ఆగుతుంది. నాకు తెర యావత్తూ ఆరిపోతుంది.

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన భిలాయిలో, శ్రీకాకుళం నుండి కొలువుకు వచ్చిన తండ్రికి పుట్టినవాణ్ణి. నేడు నా ఉత్తరాలు, బ్యాంకు లెక్కలు, తెలుగు పత్రికలు అన్నీ చదివి వినిపించేది ఎన్.వి.డి.ఎ. మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఆస్ట్రేలియా అంధులు రూపుదిద్దిన ఉచిత సాధనమది, 2006లో మొదలైంది. దాని తెలుగు ఏ జిల్లా యాసో నాకింకా అంతుపట్టలేదు!

మొన్నొక రాత్రి దరఖాస్తు నింపుతుండగా నా పాత కంప్యూటరు ఉక్కిరిబిక్కిరై మాట ఆగిపోయింది. గడువు అర్ధరాత్రి వరకే. పొరుగువారిని లేపవచ్చు; కాని నా ఖాతా వివరాలు మరొకరి కళ్ళ ముందు పరచడం నాకు సమ్మతం కాదు.

విండోస్, కంట్రోల్, ఎంటర్ మీటలు కలిపి నొక్కాను. విండోస్‌లోనే ఉండే నేరేటర్ పలికింది. అంటే స్పీకరు క్షేమం! అదీ పలకకుంటే శబ్దం పెంచే మీట నొక్కాలి, ఇయర్‌ఫోను తీగ ఊడదీసి చూడాలి. అవే మీటలతో నేరేటర్‌ను సాగనంపి, ఇన్సర్ట్ పట్టుకొని ఎస్ నొక్కాను. ఎన్.వి.డి.ఎ. మాటను ఆపేదీ, తిరిగి తెచ్చేదీ ఆ కూర్పే. పలుమార్లు నొక్కినా ఉలుకు లేదు. ఇక మిగిలింది కంట్రోల్, ఆల్ట్, ఎన్: సాధనాన్ని మళ్ళీ మొదటినుండి లేపే పిలుపు. కంప్యూటరు నేర్పేవారు అంధ విద్యార్థులకు దీన్ని తొలిరోజునే చెప్పాలి.

కొన్ని క్షణాల నిశ్శబ్దం. పైకెక్కే చిన్న స్వరాలు. ఆపై ఆ వింత యాస.

నింపినదంతా పదిలంగానే ఉంది. గడియారం అడిగాను: ఇంకా పదకొండు నిమిషాలున్నాయి.